ఎక్స్‌టెండెడ్ వారంటీ నుంచి తుక్కు దాకా: కారు యజమానుల అపోహలు – వాస్తవాలు

మొదట పదకొండేళ్లు సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర కూర్చున్నాను. తర్వాత సర్వీస్ కాంట్రాక్టుల క్లెయిములు పరిశీలించే పనిలో చేరాను. అంటే, "కంగారు పడకండి సార్, ఇది కవర్ అవుతుంది" అని చెప్పే కుర్చీలోంచి లేచి, "ఇది కవర్ కాదు" అని రాసే కుర్చీలో కూర్చున్నానన్నమాట. ఇప్పుడు పాత కార్లకు విలువ కడుతూ, తుక్కుకు వెళ్లే బండ్ల కాగితాలు చూస్తుంటాను. మూడు చోట్లా నాకు కనబడింది ఒకటే. జనం మైలేజీ గురించి గంటల తరబడి వాదిస్తారు, ఇంజిన్ గురించి నాకంటే ఎక్కువే చదువుకొస్తారు, సంతకం పెట్టిన కాగితాన్ని మాత్రం డాష్‌బోర్డు అరలో పడేసి మర్చిపోతారు. డబ్బు పోయేది చాలావరకు ఆ అరలోనే.

అపోహ: ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే కంపెనీ వారంటీనే ఇంకొన్నాళ్లు పొడిగించడం.

కంపెనీ వారంటీ కారు ధరలోనే కలిసి ఉంటుంది. తయారీలో లోపం ఉంటే బాధ్యత మాదే అని కారు తయారు చేసినవాళ్లు ఇచ్చే హామీ అది. పొడిగింపు పేరుతో మీకు అమ్మేది చాలాసార్లు వేరే ఒప్పందం, అంటే సర్వీస్ కాంట్రాక్టు. దానికి విడిగా డబ్బు కడతారు, షరతులూ విడిగానే ఉంటాయి. అవతలి సంస్థ కూడా వేరే కావచ్చు. ఆ కాగితంలో సాధారణంగా ముగ్గురు కనబడతారు: అమ్మినవారు, క్లెయిములు చూసేవారు, చివరికి డబ్బు చెల్లించాల్సినవారు. ఈ మూడో పేరు వెతికి చదవండి. ఆ సంస్థ మూతపడితే వెనక ఏదైనా బీమా సంస్థ నిలబడుతుందా అనేది కూడా అక్కడే రాసి ఉంటుంది. పైన షోరూం పేరు పెద్ద అక్షరాల్లో ఉంది కదా అని షోరూమే చెల్లిస్తుందనుకోవద్దు.

మెయింటెనెన్స్ ప్యాకేజీ ఇంకో రకం. ఆయిల్, ఫిల్టర్లు, చెకప్‌లకు ముందే డబ్బు కట్టేస్తారు, అంతవరకే. "ప్యాకేజీ తీసుకున్నాను కదా, గేర్‌బాక్స్ మార్చండి" అని నా కౌంటర్ దగ్గర పోట్లాడినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల తప్పు సగమే. అమ్మేటప్పుడు ఆ తేడా ఎవరూ విడమర్చి చెప్పరు.

అపోహ: 'బంపర్ టు బంపర్' అన్నారు కాబట్టి అన్నీ వస్తాయి.

కాంట్రాక్టులు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకంలో కవరయ్యే భాగాల జాబితా ఉంటుంది. జాబితాలో లేనిది రాదు. రెండో రకంలో కవర్ కాని వాటి జాబితా ఉంటుంది. అందులో లేనిదంతా వస్తుంది. రెండోది మెరుగు, ఖరీదూ ఎక్కువే. ఏ రకమైనా నేను ముందు తిప్పేది మినహాయింపుల పేజీ. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్, వైపర్లు, టైర్లు, బ్యాటరీ, బల్బులు దాదాపు ఎప్పుడూ అందులో ఉంటాయి, ఎందుకంటే అవి వాడకంతో అరిగేవే. గొడవ అక్కడ రాదు. ఒక భాగం చెడి ఇంకో భాగాన్ని పాడుచేసినప్పుడు వస్తుంది.

వాటర్ పంపు పోయిందనుకోండి. పంపు కవరవుతుంది. పంపు పోయాక ఇంజిన్ వేడెక్కి, ఇంజిన్ పైభాగానికి సీలులా ఉండే హెడ్ గాస్కెట్ కాలిపోతే? పిస్టన్లూ వాల్వులూ లయ తప్పకుండా చూసే టైమింగ్ బెల్టు తెగిందనుకోండి. బెల్టు ఎలాగూ అరిగే సామానే. చాలా ఇంజిన్లలో అది తెగిన మరుక్షణం పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి, దాంతో బిల్లు పది రెట్లవుతుంది. ఇలా ఒకదాని వల్ల ఇంకొకటి చెడితే ఎవరిది బాధ్యత అని కాంట్రాక్టులో ఒక వాక్యం ఉంటుంది. మొత్తం కాగితంలో ఒక్క వాక్యమే చదివే ఓపిక ఉంటే అది చదవండి.

ఒకాయన ఉడికిపోయిన ఇంజిన్‌తో వచ్చాడు. "టెంపరేచర్ దీపం వెలగగానే బండి పక్కకు ఆపేశాను" అన్నాడు. మర్యాదస్తుడు, అబద్ధం చెబుతున్నట్టు లేదు. స్కానర్ పెట్టి చూశాం. లోపం నమోదైన క్షణంలో కారు వేగం, ఇంజిన్ తిరిగే వేగం, కూలెంట్ ఉష్ణోగ్రత ఎంతెంతో కారు కంప్యూటర్ దాచుకుంటుంది. హెచ్చరిక దీపం వెలిగాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా చాలా కార్లలో లెక్క ఉంటుంది. ఆయన కారులో ఆ అంకె 19. బహుశా ఇల్లు దగ్గరే కదా అనుకుని ఉంటాడు. హెచ్చరిక తర్వాత నడిపితే క్లెయిము రాదని కాగితంలో ఉంది. దాంతో అక్కడే ఆగిపోయింది. నాలుగు నిమిషాలు ఆగి టోయింగ్‌కు ఫోన్ చేసి ఉంటే ఆ ఇంజిన్ ఆయన జేబులోంచి పోయేది కాదు.

నీళ్లలోకి దించి ఇంజిన్ లాక్ అయిన కార్లది ఇంకో కథ. నీరు గాలిలా నొక్కుకోదు. సిలిండర్లోకి చేరాక స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దాన్ని కాంట్రాక్టు 'యాంత్రిక లోపం' అనదు, బయటి కారణం అంటుంది. అది బీమా వైపు వ్యవహారం, అక్కడ కూడా మామూలు పాలసీలో ఉందో లేదో చూసుకోవాలి.

అపోహ: బయట గ్యారేజీలో ఒక్కసారి సర్వీస్ చేయిస్తే అంతా రద్దు.

కౌంటర్ దగ్గర ఈ మాట నేనూ అన్నాను, దాచడమెందుకు. అనమని చెప్పేవాళ్లు. నిజానికి ఇది దేశాన్ని బట్టి, కాగితాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1975లో వచ్చిన మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా బ్రాండు భాగమే వాడాలి, ఫలానా చోటే సర్వీసు చేయించాలి అని మామూలుగా వారంటీకి ముడిపెట్టకూడదు, ఉచితంగా ఇస్తే తప్ప. విడిగా కొన్న కాంట్రాక్టు మాత్రం రిపేరు ఎక్కడ చేయించాలో చెప్పగలదు. రెండూ కలిపేసుకుని భయపడేవాళ్లున్నారు, కలిపేసుకుని ధైర్యంగా ఉండేవాళ్లూ ఉన్నారు.

ఎక్కడ చేయించినా మిమ్మల్ని కాపాడేది బిల్లు. తేదీ, కిలోమీటర్ల రీడింగు, బండి నంబరు, వేసిన ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లు, ఫిల్టర్ మార్చారా లేదా, ఇవన్నీ దానిమీద ఉండాలి. 'జనరల్ సర్వీస్' అని రాసి పక్కన మొత్తం వేసిన చీటీ పనికిరాదు. ఒక యజమాని తన కారుకు తానే ఆయిల్ మార్చుకునేవాడు, అదీ చెప్పిన గడువుకంటే ముందే. ఇంజిన్ పోయినప్పుడు చూపించడానికి ఒక్క కాగితమూ లేదు. ఆయన చేతులు, మాట తీరు చూస్తే పనిమంతుడని తెలుస్తూనే ఉంది. నేను నమ్మాను. నమ్మకం రాయడానికి ఫైల్లో గడి లేదు. మీరే చేసుకునేవాళ్లయితే ఆయిల్, ఫిల్టర్ కొన్న రసీదులు దాచుకోండి. మార్చిన రోజు ఓడోమీటర్ ఫొటో ఒకటి తీసిపెట్టుకోండి.

అపోహ: ముందు రిపేరు చేయించి, తర్వాత బిల్లు పంపితే సరిపోతుంది.

సరిపోదు. దాదాపు అన్ని కాంట్రాక్టులకూ ముందస్తు అనుమతి కావాలి. అనుమతి లేకుండా ఇంజిన్ విప్పితే, లోపలి లోపం నిజమైనదే అయినా తిరస్కరించవచ్చు. విప్పి చూడటానికయ్యే కూలీ ఎవరిదని కూడా ముందే అడగండి. లోపం కవర్ కాదని తేలితే ఆ కూలీ సాధారణంగా మీదే.

అపోహ: వాడుకోకపోతే కట్టిన డబ్బు పోయినట్టే.

చాలా కాంట్రాక్టులను మధ్యలో రద్దు చేసుకుంటే మిగిలిన కాలానికో, కిలోమీటర్లకో లెక్కగట్టి కొంత వెనక్కిస్తారు. కారు అమ్ముతున్నప్పుడు రెండు దారులున్నాయి: రద్దు చేసి డబ్బు తీసుకోవడం, లేదా కొన్నవాళ్ల పేరుమీదికి మార్చి ఆ మేరకు ధర అడగడం. రెంటికీ గడువుంటుంది. అమ్మిన ఆరు నెలలకు గుర్తొస్తే రెండూ పోయినట్టే. లోన్‌లో కలిపి కొన్నదైతే ఆ డబ్బు మొదట లోన్ ఇచ్చినవారికి వెళ్తుంది, అది చూసి కంగారుపడొద్దు.

కొనేముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: కాంట్రాక్టు కాలం ఎప్పుడు మొదలవుతుంది? ఈరోజు నుంచా, కారు మొదటిసారి రోడ్డెక్కిన రోజు నుంచా, కంపెనీ వారంటీ అయిపోయాకా? 'ఐదేళ్లు' అని కొన్నదానిలో మూడేళ్లు కంపెనీ వారంటీ కిందే గడిచిపోవడం చాలాసార్లు చూశాను.

అసలు కొనాలా వద్దా అంటే, నా అభిప్రాయం ఇది. టర్బో, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, నిండా ఎలక్ట్రానిక్స్ ఉన్న కారై, ఒక పెద్ద బిల్లు వస్తే ఇంటి లెక్కలు తలకిందులయ్యే పరిస్థితి ఉంటే కొనండి. సాదా ఇంజిన్, మాన్యువల్ గేర్లు, గట్టి పేరున్న మోడల్ అయితే ఆ డబ్బు పక్కన దాచుకోండి. ఎటైనా సరే, కొత్త కారు తాళాలు తీసుకునే రోజున, ఆ ఉత్సాహంలో సంతకం పెట్టకండి. కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుతానంటే ఒప్పుకోనివారి దగ్గర ఎలాగూ కొనకూడదు.

అపోహ: తాళాలిచ్చి డబ్బు లెక్కపెట్టుకుంటే కారుతో నా సంబంధం తీరిపోయింది.

ఇది నాకే తగిలింది. ఇన్నేళ్లు ఈ రంగంలో ఉండి కూడా నా పాత కారును ఒక బ్రోకర్‌కు ఇచ్చేటప్పుడు ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టేశాను. "పేరు మార్చడం నేను చూసుకుంటా సార్" అన్నాడు. చూసుకోలేదు. బ్రోకర్లు చాలామంది మార్చరు. తన పేరుమీదికి ఒకసారి, కొనేవాడి పేరుమీదికి ఇంకోసారి మారిస్తే రెండు ఖర్చులు కదా. ఎనిమిది నెలల తర్వాత నేనెప్పుడూ వెళ్లని రోడ్డు మీద అతివేగానికి జరిమానా నోటీసు నా ఇంటికొచ్చింది. జరిమానాతో పోయింది కాబట్టి సరిపోయింది. అదే ప్రమాదమైతే ముందు వెతికేది రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరునే.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. అమ్మకం పత్రం మీద తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయిస్తాను. పొద్దున అమ్మిన కారు సాయంత్రం ఎవరినైనా గుద్దితే ఆ అంకె విలువ తెలుస్తుంది. ఓడోమీటర్ రీడింగు, ఛాసిస్ నంబరు, కొన్నవారి గుర్తింపు కార్డు నకలు, తాళాలు ఇస్తున్నప్పటి ఫొటో, ఇవి నా దగ్గర ఉంటాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు అమ్మినట్టు నేనే తెలియజేస్తాను. కారు మీద లోన్ ఉండి తీరిపోతే, తీరిందన్న లెటర్ ఒక్కటే చాలదు. రిజిస్ట్రేషన్‌లోంచి ఆ సంస్థ పేరు తీయించాలి.

అపోహ: కదలని కారుకు విలువేముంది, తీసుకుపోతే అదే పదివేలు.

మా తుక్కు యార్డువాళ్లకు ఇష్టమైన మాట ఇది! సైలెన్సర్ వరుసలో ముందుండి పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాలుంటాయి. కొద్ది గ్రాములే అయినా ఖరీదైన గ్రాములు. కారుతో వచ్చిన ఒరిజినల్ కన్వర్టర్ ఉంటే ఒక ధర, తర్వాత బయట మార్పించిన చౌక రకం ఉంటే ఇంకో ధర. మామూలు బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే, అది దాదాపు పూర్తిగా మళ్లీ వాడకంలోకి వస్తుంది. అల్లాయ్ చక్రాలు అల్యూమినియం. వైరింగులో రాగి. వాళ్లు ఇస్తామంటున్నది ఉత్త ఇనుము ధరేనా, ఇవన్నీ కలిపా అని తేల్చుకోండి. కనీసం ముగ్గురిని అడగండి. మొదటివారికీ మూడోవారికీ మధ్య తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు.

అలాగని ఇంట్లో స్పానర్లు పట్టుకుని కూర్చోవద్దు. ఎయిర్‌బ్యాగుల్లో, సీటుబెల్టు బిగించే పరికరాల్లో పేలుడు మందు ఉంటుంది. ఏసీ గ్యాస్‌ను గాలిలోకి వదలకూడదు, దాన్ని పట్టే యంత్రం వేరు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలు కనబడితే చెయ్యి కూడా పెట్టకండి, అందులో వందల వోల్టులుంటాయి. పైగా మంచి భాగాలు పీకేసిన డొల్లను యార్డులు సగం ధరకే తీసుకుంటాయి, కొన్ని అసలు తీసుకోవు.

అపోహ: తుక్కుకు ఇచ్చేశాక ఇక కాగితాలెందుకు?

ఇచ్చాకే కావాలి. కారుకు 17 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య ఒకటుంటుంది. సున్నా, ఒకటితో పొరబడకుండా అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. చచ్చిన కారు సంఖ్యను దొంగిలించిన కారుకు అతికించి అమ్మేవాళ్లున్నారు. మీ కారు ధ్వంసమైనట్టు అధికారిక పత్రం లేకపోతే కాగితం మీద అది బతికే ఉంటుంది, మీ పేరుతోనే. యూరోపియన్ యూనియన్ 2000 సంవత్సరం నాటి ఆదేశంతో ఈ ధ్వంస పత్రాన్ని తప్పనిసరి చేసింది. అది చూపిస్తేనే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. జపాన్‌లో 2005 నుంచి కారు కొనేటప్పుడే రీసైక్లింగు ఖర్చు కట్టించుకుంటున్నారు. మధ్యలో అమ్మితే ఆ డబ్బు కొన్నవాళ్ల నుంచి తిరిగొస్తుంది. మీరున్న చోట నియమం ఏదైనా, అనుమతి ఉన్న యార్డుకే ఇవ్వండి, పత్రం చేతికొచ్చాక రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. బీమాను మాత్రం ఆ తర్వాతే ఆపండి, ముందు కాదు. ప్రమాదాలు చేయనందుకు వచ్చే బోనస్ చాలా చోట్ల మనిషికి చెందేదే, కారుకు కాదు. దాని సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

అపోహ: కారులో నా వస్తువులన్నీ తీసేసుకున్నాను.

సీటు కింద నాణేలు కూడా ఏరుకుంటారు, స్క్రీన్‌లో ఉన్నది వదిలేస్తారు. మొన్న ఒక కారు యార్డుకొచ్చింది. వేరే బ్యాటరీ తగిలించగానే స్క్రీన్ వెలిగి, పాత యజమాని ఫోన్‌బుక్కంతా కనబడింది. మ్యాపులో 'ఇల్లు' అని నొక్కితే దారి చూపిస్తోంది. ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఫోన్ యాప్‌లో మీ ఖాతా నుంచి కారును తీసేయండి, లేకపోతే కొన్నాళ్లపాటు దాని తలుపులు మీ ఫోన్‌తోనే తెరుచుకోవచ్చు. గేటు రిమోట్ కారులో నమోదై ఉంటే అదీ చెరిపేయండి. ఇదంతా టోయింగ్ బండిని పిలిచే ముందే, బ్యాటరీలో ప్రాణం ఉన్నప్పుడే చేయండి. బ్యాటరీ అమ్మేశాక ఆ స్క్రీన్ మీకు వెలగదు, మాకు వెలుగుతుంది.