అరిసెల పట్టికలో నెలలు లేవు

నవ్వితే నువ్వుండలు, బోర్లపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి వంటకాలు కొంత అటూ ఇటూ అవుతాయి కానీ, బిడ్డ ఎదుగుదలలో ఒక్కొక్క మెట్టునూ ఒక్కొక్క పిండివంటతో పండుగ చేసుకునే ఆనవాయితీ తెలుగు ఇళ్ళలో పాతదే. బెంగళూరు మారతహళ్ళి వైపు అపార్ట్‌మెంట్లలో స్థిరపడిన కుటుంబాలలోనూ అది పోలేదు. అరిసెలు ఇంటి పొయ్యి మీద కాక స్వగృహ దుకాణం నుంచి వస్తున్నాయి, అంతే తేడా. ఈ పిండివంటల పట్టికలో నాకు నచ్చే సంగతి ఒకటుంది. అందులో వరుస ఉంది కానీ నెలలు లేవు. బిడ్డ అడుగు వేశాక అరిసెలు వండుతారు, అంతేగాని పన్నెండో నెల వచ్చేసింది, ఇంకా నడవడేమిటని పాకం పట్టుకుని కూర్చోరు. ఫోన్లలో వారం వారం హెచ్చరించే యాప్‌లు వచ్చాక ఆ నిబ్బరం తగ్గింది.

కొలిచి చూసినవారు చెప్పేదీ దాదాపు ఇదే. భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన లెక్కల ప్రకారం, ఎవరి ఊతమూ లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలు కావచ్చు. అంటే ఎదురు ఫ్లాటులోని పాప తొమ్మిదో నెలలో నడిచినా, మన ఇంటి బాబు పదహారో నెలలో నడిచినా ఇద్దరూ సరైన వేళకే నడిచినట్లు. ఆ పిల్లలలో నూటికి నలుగురు చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకనే లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2022లో సవరించిన ఎదుగుదల మెట్ల జాబితాలోంచి పాకడాన్ని తీసివేశాయి కూడా.

నడకకు ఇల్లు ఇవ్వవలసింది ముఖ్యంగా నేల. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కేరెన్ అడాల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లలను స్వేచ్ఛగా ఆడుకోనిచ్చి లెక్కపెడితే, సగటున గంటకు 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. పడడం నడక నేర్చుకోవడంలో భాగమే కాబట్టి, పడిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ పరుగెత్తుకు రావడం అనవసరం. డిసెంబరు చలికి బెంగళూరులో పిల్లలకు మేజోళ్ళు తొడిగి నున్నటి టైల్స్ మీద వదులుతుంటారు. నడక నేర్చే బిడ్డకు ఉత్త పాదాలే మేలు, ఎందుకంటే వేళ్ళు నేలను పట్టుకోగలవు. బిడ్డను మధ్యలో కూర్చోబెట్టే చక్రాల వాకర్ నడకను త్వరగా తెప్పించదు సరికదా ప్రమాదాలకు కారణమవుతుంది. కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. పిల్లలు తోసుకుంటూ నడిచే మన పాతకాలపు కొయ్య బండి సంగతి వేరు. దాని వెనక నిలబడిన బిడ్డ తన బరువును తానే మోస్తాడు, తన పాదాలను తాను చూసుకుంటాడు. బెంగళూరుకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని చన్నపట్నలో ఇటువంటి కొయ్యబొమ్మలకు లక్కపూత వేసి చేస్తారు. మన ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రే అక్కడి సంప్రదాయపు కొయ్య కూడా.

చేతివేళ్ళ పని అన్నం పళ్ళెంలోనే జరుగుతుంది. మెత్తటి మెతుకులు తానే ఏరుకుని తిననిస్తే బొటనవేలూ చూపుడువేలూ కలవడం అలవడుతుంది. గొంతుకు అడ్డుపడే వేరుశనగ పలుకులు, బఠాణీలు మాత్రం దూరంగా ఉంచాలి.

మాటల విషయం ఇంత సులువుగా తేలదు. బెంగళూరులో ఒక తెలుగు బిడ్డ చుట్టూ ఎన్ని భాషలున్నాయో చూడండి: అమ్మానాన్నలతో తెలుగు, చూసుకునే అక్కతో కన్నడం, కింద పార్కులో హిందీ, డేకేర్‌లో ఇంగ్లీషు. మాట కాస్త ఆలస్యమైతే ఇన్ని భాషలు వినిపించడమే కారణమని, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమని సలహా ఇచ్చేవారు చాలామంది. ఈ సలహాకు ఆధారం లేదు. ఎక్కువ భాషలు విన్నందువల్ల మాటలు ఆగిపోవు. లెక్కపెట్టే పద్ధతిలోనే పొరపాటు జరుగుతుంది. పాత కన్నడంలోని పకారం కాలక్రమంలో హకారమైంది కనుక మన పాలు అక్కడ హాలు, మన పులి అక్కడ హులి. అమ్మ దగ్గర పాలు అని, అక్క దగ్గర హాలు అని, డేకేర్‌లో మిల్క్ అనే బిడ్డకు ఒక్క ఇంగ్లీషు జాబితాతో పరీక్ష పెడితే సగం మాటలు రానట్లే కనిపిస్తుంది. అమెరికాలో స్పానిష్, ఇంగ్లీషు రెండూ వినే పసిపిల్లల మీద 1993లో వచ్చిన పరిశోధన, రెండు భాషల మాటలనూ కలిపి లెక్కిస్తే వారు ఒకే భాష వినే పిల్లలకు వెనకబడి లేరని చూపింది. "పాలు బేడ" అని రెండేళ్ళ బిడ్డ గిన్నె తోసేస్తే అది భాషల గందరగోళం కాదు. తెలుగు పాలకు కన్నడపు బేడ (వద్దు) కలిపి చెప్పిన వాక్యం.

తెలుగు తరువాతైనా నేర్పవచ్చులే అనుకునేవారు ఒక ప్రయోగం గురించి తెలుసుకోవాలి. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఇంగ్లీషు ఇళ్ళ పసికందులకు హిందీలోని తకార, టకారాలను వినిపించారు. 6 నుంచి 8 నెలల పిల్లలలో ఎక్కువమంది తేడా పట్టుకున్నారు. 10 నుంచి 12 నెలలకు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు పోయింది. తరువాత నేర్చుకోలేరని కాదు, చెవికి శ్రమ పెరుగుతుందని. ఇంట్లో తెలుగు వింటూ పెరిగే బిడ్డకు ఆ శ్రమ ఉండదు.

అయితే వినడమంటే చెవిన పడడం మాత్రమే కాదు. పాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో 9 నెలల అమెరికా పిల్లలకు 12 విడతలుగా చైనీస్ వినిపించారు. ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు ఆ భాష ధ్వనులను పిల్లలు పట్టుకున్నారు. అవే మాటలను అదే మనిషి టీవీలో చెప్పినప్పుడు ఏమీ నేర్చుకోలేదు. తెరకు లోపించింది బదులు పలకడం. బిడ్డ బాల్కనీలోని పావురాన్ని వేలితో చూపించినప్పుడు "అవును, పావురం, ఎగిరిపోయింది" అని మనం అనే మాట, బిడ్డ అప్పటికే చూస్తున్న వస్తువుకు అతుక్కుంటుంది. నెల్లూరు నుంచి అమ్మమ్మ చేసే వీడియో కాల్ ఇందుకు మినహాయింపు: ఆవిడ బిడ్డ నవ్వుకు నవ్వుతుంది, అడిగినదానికి బదులిస్తుంది. రెండు నుంచి రెండున్నరేళ్ళ పిల్లలు ఇటువంటి ముఖాముఖి కాల్‌లో కొత్త మాటలు నేర్చుకోగలిగారని 2014లో తేలింది. మిగతా తెరల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన కచ్చితంగానే ఉంది: రెండేళ్ళు నిండేదాకా వద్దు, నిండాక రోజుకు గంట మించవద్దు. ముద్ద ముద్దకూ ఫోను చూపించే ఇళ్ళలో దీన్ని పాటించడం కష్టమని నాకు తెలుసు. ఆ కష్టం వారం పది రోజులదని కూడా తెలుసు.

బువ్వ, లాల, జేజ వంటి ముద్దుమాటలు వాడితే అసలు మాటలు రావన్న భయం కూడా అక్కరలేదు. చిన్నవై, ఒకే ధ్వనిని తిరిగి పలికించే ఈ మాటలు పసినోటికి సులువుగా పట్టుబడతాయి.

నెలలు లేని పట్టిక నిబ్బరాన్నిస్తుంది కానీ దానికి పై గడువు లేకపోవడం లోపమే. ఏడాది నిండినా వేలితో చూపించకపోవడం, పిలిస్తే తిరిగి చూడకపోవడం, 16 నెలలకు ఏ భాషలోనూ ఒక్క మాటైనా లేకపోవడం, 18 నెలలు దాటినా నడవకపోవడం, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా వచ్చిన మాటలు పోవడం కనిపిస్తే పిల్లల డాక్టరును కలవాలి. మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ళ నాన్నకూ మూడేళ్ళకు వచ్చాయి అని పెద్దలు చెప్పే ధైర్యం పరీక్ష చేయించాక గుర్తుచేసుకోవచ్చు. మొదట వినికిడి చూపించాలి. వినపడని బిడ్డకు మాటలు రావడం కష్టం. కర్ణాటకలో గర్భిణులకు ఇచ్చే తాయి కార్డులో ఏ వయసుకు ఏమి రావాలో బొమ్మలతో ఉంటుంది. మైసూరులో వాక్కు, వినికిడికి ప్రత్యేకించిన అఖిల భారత సంస్థ, బెంగళూరులోనే మానసిక, నాడీ ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఉన్నాయి. వెళ్ళేటప్పుడు బిడ్డ ఇంట్లో ఆడుకుంటుండగా తీసిన చిన్న వీడియోను, బిడ్డ అనే మాటలన్నీ ఏ భాషవైనా సరే రాసిన చీటీని వెంట తీసుకువెళ్ళాలి. ఆ చీటీలో పాలు, హాలు రెండూ ఉండాలి.