గొలుసు తెంచే ఆక్సిజన్

జెల్ నెయిల్ పాలిష్‌ను అతినీలలోహిత దీపం కింద ఎంతసేపు ఉంచినా పైన సన్నని జిగురు మిగులుతోందనీ, సరుకు నకిలీదేమోననీ ఒక పాఠకురాలు అడిగారు. నకిలీది కాదు. స్పిరిట్‌తో తుడిచి చూడండి, కింది పూత గట్టిగానే ఉంటుంది. ఆ జిగురు గాలిలోని ఆక్సిజన్ చేసే పని.

ద్రవంలో ఉండేవి ఒకదానితో ఒకటి గొలుసుగా కలవగల అక్రిలేట్ అనే చిన్న అణువులు. పట్టుబడినవారు చేతులు కలుపుకొని మిగతావారి వెంట పరిగెత్తే పిల్లల ఆటను గుర్తుచేసుకోండి. కాంతి తగలగానే, ఆట మొదలుపెట్టే ఇనీషియేటర్ అనే అణువు చీలి, ముక్కకొక ఖాళీ చెయ్యి ఏర్పడుతుంది. జత లేని ఎలక్ట్రానే ఆ చెయ్యి. అది ఒక అక్రిలేట్‌ను అందుకోగానే ఆ అక్రిలేట్‌కు అవతలి చెయ్యి ఖాళీ అవుతుంది, అది మరొకదాన్ని అందుకుంటుంది. గొలుసు సాగిపోతుంది. ఇంతలో ఆక్సిజన్ జొరబడుతుంది. దానికి రెండు చేతులూ ఖాళీయే! గొలుసు చివరి చెయ్యి అక్రిలేట్‌ను పట్టుకునే దానికన్నా వేల రెట్లు వేగంగా ఆక్సిజన్‌ను పట్టేసుకుంటుంది. అలా పుట్టిన ముక్కకు, అంటే పెరాక్సీ రాడికల్‌కు, ఒక చెయ్యి ఖాళీగానే ఉన్నా అందులో సత్తువ ఉండదు. ఆట అక్కడ ఆగిపోతుంది. లోపలి ఆక్సిజన్ కాసేపటికి ఖర్చైపోతుంది కానీ, పైపొరకు గాలి నుంచి కొత్తది వస్తూనే ఉంటుంది.

బడిలో ఆక్సిజన్ బొమ్మను ఎలక్ట్రాన్లన్నీ జతకట్టినట్టే వేస్తాం. నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. జత లేని ఎలక్ట్రాన్లను అయస్కాంతం లాగుతుంది కాబట్టి, ద్రవ ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంత ధ్రువాల మధ్య పోస్తే అక్కడే అతుక్కొని నిలుస్తుంది. ఆ దృశ్యం ఒక్కసారి చూసిన పిల్లలు ఆ ఖాళీ చేతులను మరచిపోరు.

పూతల పరిశ్రమ ఈ ఆక్సిజన్‌ను అడ్డుకోవడానికి నైట్రోజన్‌తో కప్పడం, అమీన్లనే రసాయనాలు కలపడం వంటి పాట్లెన్నో పడింది. రెజిన్ అనే ద్రవాన్ని కాంతితో పొరలు పొరలుగా గట్టిపరిచి వస్తువులు చేసే రెజిన్ ముద్రణ (ఒక రకం 3డీ ప్రింటింగ్) పుట్టింది కూడా ఆ పరిశ్రమ పక్కనే. బల్లల పైపూతలను అతినీలలోహిత కాంతితో గట్టిపరిచే కాలిఫోర్నియా సంస్థలో పనిచేసిన చక్ హల్, అలాంటి పల్చని పొరలనే ఒకదానిపై ఒకటి పేర్చి 1983లో కళ్లు కడుక్కునే చిన్న గిన్నె చేశాడు.

శత్రువును పనిలో పెట్టుకున్నవాడు పాలిమర్ శాస్త్రవేత్త జోసెఫ్ డిసిమోన్. కార్బన్ డయాక్సైడ్‌నే ద్రావణిగా వాడి ఫ్లోరోపాలిమర్లు (ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌లు) తయారుచేసి, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో పేరు తెచ్చుకున్నాడు. 2015లో ఆయన బృందం ప్రకటించిన ముద్రణ యంత్రంలో రెజిన్ తొట్టి అడుగున ఒక కిటికీ ఉంటుంది. టెఫ్లాన్ ఏఎఫ్ అనే ఫ్లోరోపాలిమర్‌తో చేసిన ఆ కిటికీ కాంతినీ, ఆక్సిజన్‌నూ కూడా లోపలికి రానిస్తుంది. మామూలు యంత్రాల్లో గట్టిపడిన ప్రతి పొరా కిటికీకి అతుక్కుంటుంది. ప్రతిసారీ దాన్ని ఊడదీయాలి, ఆలస్యమంతా అక్కడే. ఇక్కడ ఆక్సిజన్ కిటికీ మీద కొన్ని పదుల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన రెజిన్‌ను ద్రవంగానే ఉంచుతుంది. వస్తువు ఆ ద్రవం పైన గట్టిపడుతూ ఆగకుండా పైకి లేస్తుంది, గంటకు 500 మిల్లీమీటర్ల వరకు. పాఠకురాలి గోటి మీద మిగిలిన జిగురు పొరే ఇక్కడ కిటికీ మీద పరుచుకుంది.

వాళ్లు చేసిన పరీక్ష నాకు మరీ ఇష్టం. కిటికీ కింద గాలికి బదులు స్వచ్ఛమైన ఆక్సిజన్ పంపితే ఆ ద్రవపొర మందం దాదాపు రెట్టింపైంది. నైట్రోజన్ పంపితే పొర మాయమై, వస్తువు కిటికీకి అతుక్కుపోయింది.