ఫైల్ పక్కనే ఉంది, మరి ప్రోగ్రామ్ ఎక్కడుంది?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ సీ ప్రోగ్రామింగ్ నేర్చుకునే మన అనంతపురం, కడప కుర్రాళ్ల దగ్గర ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. "అన్నా, డేటా ఫైల్ ప్రోగ్రామ్ పక్కనే ఉంది. టెర్మినల్‌లో రన్ చేస్తే చక్కగా చదువుతోంది. ఎడిటర్‌లో బటన్ నొక్కితే మాత్రం ఫైల్ లేదంటోంది!"

ఫైల్ అక్కడే ఉంది, అబద్ధమేం లేదు. ప్రోగ్రామ్ డిస్క్‌లో ఉన్న ఫోల్డర్ ఒకటి, నడిచేటప్పుడు అది నిలబడిన ఫోల్డర్ ఇంకొకటి. ఫైల్ తెరిచే ఎఫ్‌ఓపెన్ ఫంక్షన్‌కి ఉత్త ఫైల్ పేరు ఇస్తే వెతుకులాట ఈ రెండో చోటే జరుగుతుంది. దాన్నే కరెంట్ వర్కింగ్ డైరెక్టరీ అంటారు. అది ఏదో తేల్చేది ప్రోగ్రామ్ కాదు, దాన్ని లేపినవాళ్లు. టెర్మినల్ అయితే మీరు సీడీ (ఫోల్డర్ మార్చే కమాండ్) కొట్టి చేరిన ఫోల్డర్. ఎడిటర్ అయితే తనకు తోచిన ప్రాజెక్ట్ ఫోల్డర్. చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్ అయితే యూజర్ హోమ్ ఫోల్డర్. లైనక్స్‌లో సర్వీసులను చూసుకునే సిస్టమ్‌డీ నడిపే సిస్టమ్ సర్వీస్ అయితే, వేరే చెప్పకపోతే, ఏకంగా రూట్, అంటే అన్నిటికన్నా పైనున్న ఫోల్డర్.

ఆ ఫోల్డర్ ఏదో అడిగి తెలుసుకోవడానికి లైనక్స్ లాంటి యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో గెట్‌సీడబ్ల్యూడీ అనే ఫంక్షన్ ఉంది. యూనిఎస్‌టీడీ హెడర్ కలుపుకొని, ఒక బఫర్‌ను (అక్షరాలు నింపే ఖాళీ చోటు), దాని సైజును ఇస్తే అందులో పాత్, అంటే ఆ ఫోల్డర్ పూర్తి చిరునామా, నింపి పెడుతుంది. బఫర్ చాలకపోతే నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తుంది, తప్పేంటో చెప్పే ఎర్నో అనే వేరియబుల్‌లో ఈరేంజ్ అని కనబడుతుంది. ఆ నల్‌ను చెక్ చేయకుండా నేరుగా ప్రింట్ చేసేవాళ్లే ఎక్కువ. విండోస్‌లో దాదాపు ఇదే పేరుతో, ముందు ఒక అండర్‌స్కోర్‌తో, డైరెక్ట్ అనే హెడర్‌లో దొరుకుతుంది.

అసలు విశేషం లోపల ఉంది. లైనక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) మీ ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ఉన్న పాత్‌ను ఎక్కడా అక్షరాలుగా దాచుకోదు. ఫలానా డైరెక్టరీలో ఉంది అని ఒక పాయింటర్ మాత్రం పెట్టుకుంటుంది. అడిగినప్పుడు ఆ డైరెక్టరీ పేరు, దాని పైదాని పేరు, ఆ పైదాని పేరు అంటూ రూట్ దాకా ఎక్కుతుంది. రూమ్ నంబర్, పీజీ పేరు, క్రాస్, లేఔట్, బెంగళూరు అని మనం అడ్రస్ రాసే వరస ఇదే. పాత్ మాత్రం పెద్దదాంతో మొదలవ్వాలి కదా! అందుకే కెర్నల్ చివరి నుంచి మొదటికి, వెనక్కి వెనక్కి రాసుకుంటూ వస్తుంది.

తొలినాళ్ల యూనిక్స్‌లో ఈ సాయమూ లేదు. డైరెక్టరీకి తన పేరు తనకు తెలియదు, అది పైడైరెక్టరీలో రాసి ఉంటుంది. కాబట్టి తన ఐనోడ్ నంబర్ (డిస్క్‌లో ఆ డైరెక్టరీకున్న గుర్తింపు నంబర్) గుర్తుపెట్టుకుని, ఒక మెట్టు పైకెక్కి, అక్కడున్న ఎంట్రీలన్నీ గాలించి, ఆ నంబర్ ఎవరిదో పట్టుకోవాలి. పైకెక్కినా నంబర్ మారలేదంటే రూట్ వచ్చేసినట్టు. మధ్యలో ఏ డైరెక్టరీ చదవడానికి అనుమతి లేకపోయినా పని అక్కడితో ఆగేది. ఈ ముసలి పద్ధతి ఇంకా పోలేదు. పాత్ మరీ పొడుగై కెర్నల్ చేతులెత్తేస్తే, లైనక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ ఇప్పటికీ దీన్నే ఆశ్రయిస్తుంది.

దాచుకున్నది పాయింటరే కాబట్టి, ప్రోగ్రామ్ నడుస్తుండగా వేరే విండోలో ఆ ఫోల్డర్ పేరు మార్చినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మళ్లీ అడిగితే కొత్త పేరు చెబుతుంది. ఫోల్డర్‌నే డిలీట్ చేస్తే మాత్రం నల్, ఎర్నోలో ఈనోఎంట్ (అలాంటిదేం లేదు). అంటే ఆ జవాబు అడిగిన క్షణానికే నిజం.

ఆ జవాబు స్లాష్‌తోనే మొదలవుతుందన్న నమ్మకమూ ఒకసారి దెబ్బతీసింది. లైనక్స్ 2.6.36 నుంచి, ప్రాసెస్ తన రూట్ బయట చిక్కుకుంటే కెర్నల్ ఇచ్చే పాత్ ముందు బ్రాకెట్లలో 'అన్‌రీచబుల్' అని వస్తుంది. పాత్‌ను పూర్తిగా విప్పి చెప్పే జీలిబ్‌సీ ఫంక్షన్ రియల్‌పాత్, స్లాష్ కోసం వెనక్కి వెతుక్కుంటూ బఫర్ మొదలు కూడా దాటి ఇంకా వెనక్కి పోయేది. 2018లో బయటపడిన ఈ సెక్యూరిటీ లోపాన్ని జీలిబ్‌సీ 2.27 వెర్షన్‌లో సరిచేశారు.

ఇంకో పాత కథ సీ భాషను సృష్టించిన డెనిస్ రిచీ చెప్పింది. పీడీపీ-7 అనే పాత కంప్యూటర్ మీద యూనిక్స్‌కు ఫోర్క్ (కొత్త ప్రాసెస్‌ను పుట్టించే సదుపాయం) వచ్చాక డైరెక్టరీ మార్చే కమాండ్ ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. షెల్ (మనం కొట్టే కమాండ్లను అందుకునే ప్రోగ్రామ్) ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టించేది, అది తన డైరెక్టరీ మార్చుకుని ముగిసిపోయేది, షెల్ ఉన్నచోటే ఉండేది. ఇవాళ సీడీ షెల్ లోపలే ఉండటానికి కారణం ఇదే. మీ సీ ప్రోగ్రామ్‌లో డైరెక్టరీ మార్చే సీహెచ్‌డిర్ ఫంక్షన్‌ను పిలిచినా, అది ముగిశాక టెర్మినల్ పాత చోటే ఉండటానికీ ఇదే.

ఇక మన కుర్రాడి సంగతి. మొదటి లైన్‌లోనే గెట్‌సీడబ్ల్యూడీ ప్రింట్ చేయిస్తే సగం టెన్షన్ పోతుంది. ఫైల్‌ను నిజంగా ప్రోగ్రామ్ పక్కనే వెతకాలంటే అడగాల్సింది గెట్‌సీడబ్ల్యూడీని కాదు, లైనక్స్‌లో ప్రాక్ కింద, సెల్ఫ్ కింద ఉండే ఎగ్జీ లింక్‌ను రీడ్‌లింక్‌తో చదవాలి. మెయిన్‌కు ఆర్గ్‌వీ సున్నాలో వచ్చే ప్రోగ్రామ్ పేరును నమ్మొద్దు, పిలిచినవాడు అందులో ఏదైనా రాయొచ్చు. నన్నడిగితే ఫైల్ పాత్‌ను ఆర్గ్యుమెంట్‌గా తీసుకోవడమే మేలు. థ్రెడ్లున్న (ఒకేసారి అనేక పనులు నడిపే) ప్రోగ్రామ్‌లో సీహెచ్‌డిర్ జోలికి అసలు పోవద్దు, ఒక థ్రెడ్ మారిస్తే అన్నిటికీ మారిపోతుంది. అలాంటి చోట కావాల్సిన ఫోల్డర్‌ను ఒకసారి తెరిచి పట్టుకుని, ఓపెన్‌ఎట్‌తో దాని లోపలి ఫైళ్లను తెరుచుకోవచ్చు.