పాట కింద రాసే పేర్లు: ఆంథొనీ న్యూలీ

చిన్నారులకు ఆశీస్సులు.

మన పాత సినిమా పాటల పుస్తకాల్లో రచన, సంగీతం, గానం అని పేర్లు విడివిడిగా వేసేవాళ్లు. ఇంగ్లిష్ పాటలకి మనం ఆ పేర్లు వెతకం. అందుకే 'ఫీలింగ్ గుడ్' అమెరికన్ గాయని నీనా సిమోన్ సొంత పాటే అనుకుంటాం. ఆవిడ పాడింది 1965లో. మాటా, బాణీ మాత్రం ఆంథొనీ న్యూలీ, లెస్లీ బ్రికస్ జంటవి.

న్యూలీ 1931లో లండన్‌లోని హాక్నీలో పుట్టాడు. 1948 నాటి 'ఆలివర్ ట్విస్ట్' సినిమాలో జేబుదొంగ కుర్రాడు అతనే. 1960లో అతను పాడిన రెండు పాటలు బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లాయి. అదే ఏడాది టీవీలో 'ద స్ట్రేంజ్ వరల్డ్ ఆఫ్ గర్నీ స్లేడ్' వచ్చింది. మొదట్లో ఓ మామూలు కుటుంబ హాస్య నాటిక నడుస్తూ ఉంటుంది. న్యూలీ వంతు వస్తుంది. డైలాగు చెప్పడు. పక్కవాళ్లు అందించినా పలకడు. లేచి, సెట్టు దాటి, వీధిలోకి నడిచిపోతాడు! దారిలో కుక్కతో కబుర్లు. జనానికి అంతుపట్టలేదు; రాత్రి పొద్దుపోయాక వేసే వేళకి జరిపేశారు. ఆరు భాగాలతో సరి. నన్నడిగితే అతని పనిలో అదే గొప్పది.

ఇక పాటలు. అతనికి స్వరలిపి రాయడం రాదు. నోటితో పాడి బాణీ కట్టేవాడు. 1964లో 'గోల్డ్‌ఫింగర్' అనే జేమ్స్ బాండ్ సినిమా పాటకి మాత్రం సంగీతకర్త జాన్ బ్యారీ బాణీ ముందే సిద్ధం. న్యూలీ, బ్రికస్ మాటలు కూర్చాలంతే. బ్యారీ మొదటి మూడు స్వరాలు వాయించగానే ఇద్దరూ 'మూన్ రివర్' పాట అందుకున్నారట! నిజంగానే ఎత్తుగడ అంత దగ్గర. గోల్డ్, ఫిన్, గర్: పేరులోని మూడు ముక్కలూ ఆ మూడు స్వరాల మీద కూర్చున్నాయి. తర్వాతి ఖాళీలో ట్రంపెట్లు జవాబిస్తాయి. నమూనాగా న్యూలీయే పాడి ఇచ్చాడు. సినిమాలో గొంతు షర్లీ బాసీది.

చివరగా 1998లో 'ఈస్ట్‌ఎండర్స్' సీరియల్లో కార్ల వ్యాపారిగా కనిపించాడు. 1999 ఏప్రిల్ 14న ఫ్లోరిడాలో క్యాన్సర్‌తో పోయాడు.

ఇప్పుడు 'ఫీలింగ్ గుడ్' పెట్టండి. అది నాటకం కోసం రాసిన పాట. పెద్దమనిషీ అతని కింద ఉండేవాడూ ఒక ఆట మీద కీచులాడుకుంటూ ఉంటే, ఎవరూ పట్టించుకోని నల్లజాతి యువకుడు మధ్యలో దూరి గెలిచేస్తాడు. గెలిచాక పాడేది ఇదే. సిమోన్ రికార్డులో మొదట గొంతు ఒక్కటే ఉంటుంది, తోడు వాద్యం లేదు. ఆ తర్వాత బూరలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఆ చోటు వచ్చేదాకా ఆపకండి.

మీ తాతయ్య