పోర్ట్‌ఫోలియో అంటే సర్టిఫికెట్ల ఫైలు కాదండీ

టెన్త్ ఫలితాలు వచ్చాయంటే చాలు, కాలేజీ దరఖాస్తులకు సలహా కోసం తిరుపతిలో మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల చేతుల్లో లావుపాటి ఫైళ్లు కనిపిస్తాయి. యూకేజీ ఫ్యాన్సీ డ్రెస్సు, అబాకస్, హ్యాండ్‌రైటింగ్, ఏదో 'ఇంటర్నేషనల్' ఒలింపియాడ్. "అన్నీ లామినేషన్ చేయించినాం సార్, పోర్ట్‌ఫోలియో రెడీ" అంటారు. పోర్ట్‌ఫోలియో అంటే విదేశీ కాలేజీలకో, డిజైన్ కాలేజీలకో దరఖాస్తు పెట్టేటప్పుడు పిల్లలు తాము చేసిన పనిని చూపించే సేకరణ. పాపం, వాళ్లకు అలా చెప్పినవాళ్లు ఉన్నారు కాబట్టే అంటున్నారు.

అపోహ: సర్టిఫికెట్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకానికే మనవాళ్లు డబ్బు తగలేస్తున్నారు. అమెరికా కాలేజీలకు ఎక్కువమంది నింపే కామన్ యాప్ అనే ఆన్‌లైన్ దరఖాస్తు తెరిచి చూడండి. బహుమతులకు 5 గళ్లు, క్లాసు బయట చేసిన పనులకు 10. ఒక్కో పనిని వివరించడానికి స్పేసులతో కలిపి 150 క్యారెక్టర్లు. అక్కడి ఎంఐటీ యూనివర్సిటీ సొంత దరఖాస్తులో అయితే పనులకు 4 గళ్లే. మీ ఫైలంతా ఎక్కడ ఎక్కిస్తారు? వాళ్లు అడిగేది వేరే: ఏ క్లాసులో మొదలుపెట్టావు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదిలో ఎన్ని వారాలు, అందులో నువ్వు చేసిందేమిటి?

ఇప్పుడు కొత్త బేరం ఒకటి వచ్చింది, రీసెర్చ్ పేపర్ ప్యాకేజీ. పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒకాయన, చీటీ పాడిన డబ్బు తీసుకెళ్లి దానికి కట్టేశాడు. ఇంటర్ చదివే కూతురి పేరు మీద పేపరు అచ్చయింది. క్యాన్సర్‌ను కంప్యూటర్‌తో కనిపెట్టడం గురించట. "ఇందులో నువ్వు చేసిన భాగం ఏదమ్మా?" అని అడిగితే ఆ పిల్ల నాన్న ముఖం చూసింది. ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న వేస్తే ఎవరి ముఖం చూస్తుంది? ఆ డబ్బు తిరిగి రాలేదు. ఇలాంటివి అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

శ్రీకాళహస్తి నుంచి ఇంకో అమ్మాయి వచ్చింది. "నా దగ్గర ఏమీ లేవు సార్" అని మొదలుపెట్టింది. ఇంట్లో కలంకారీ పని. కసిమి, అంటే తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టి చేసే నల్ల రంగు, ఒక్కోసారి గుడ్డ మీద నల్లగా ఎందుకు తేలదో తెలుసుకోవాలని తొమ్మిదో తరగతి నుంచి ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకుంది. ఒక్కో పేజీకి స్టాప్లర్‌తో కొట్టిన గుడ్డముక్క, పక్కన తేదీ, కరక్కాయ పొడి ఎంత, పాలు ఎన్ని, తుప్పు ఇనుమూ బెల్లమూ ఎన్ని రోజులు నానాయి. ఒక ముక్క వెలిసిపోయిన బూడిద రంగులో ఉంది. దాని కింద: "కరక్కాయ తక్కువైంది. నలుపు పట్టలేదు. అమ్మ తిట్టింది." ఇంటర్‌కొచ్చాక అదే పేజీ అంచున వేరే ఇంకుతో రాసుకుంది, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిస్తేనే నలుపు అని. నేను చేసిందల్లా పేజీల ఫోటోలు తీయించి, కొన్ని ఏరి, తేదీల వారీగా పెట్టించడమే. డిజైన్ కాలేజీ ఇంటర్వ్యూలో ఆ బూడిద రంగు ముక్క గురించే ఎక్కువసేపు అడిగారట.

తల్లిదండ్రులు అడిగే మిగతా ప్రశ్నలకు చకచకా జవాబు చెప్పేస్తాను.

ఐఐటీకి కూడా పోర్ట్‌ఫోలియో కావాలంట కదా? బీటెక్‌కు అక్కర్లేదు. కొన్ని ఐఐటీల్లో ఆటలూ ఒలింపియాడ్ల వంటివాటికి ఉన్న కొద్దిపాటి సీట్లు పక్కనపెడితే, మన ఏర్పేడు ఐఐటీలోనైనా సీటు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకును బట్టే. ఎంబీబీఎస్‌కు నీట్. మీ పిల్లల దారి అదే అయితే ఈ హైరానా పడకండి, హాయిగా చదువుకోనివ్వండి.

ఇంటర్ సెకండియర్‌లో చూసుకోవచ్చా? హాస్టల్లో, స్టడీ అవర్ల మధ్య ఏం చూసుకుంటారు! కామన్ యాప్ అడిగేదే తొమ్మిదో తరగతి నుంచి. నెలకొక పేజీ, తేదీ వేసి, ఒక ఫోటోతో. అంతే. తెలుగులో రాసుకున్నా తప్పులేదు, దరఖాస్తులో పెట్టేటప్పుడు ఇంగ్లీషులోకి మార్చుకోవచ్చు.

ఎన్జీవో పెట్టించాలా? వద్దండీ బాబూ. తోతాపురి సీజన్‌లో నాన్నతో మండీకెళ్లి లెక్కలు రాసినా, మంచాన పడ్డ అవ్వను చూసుకున్నా అదీ లెక్కే. జీతానికి చేసిన పనికీ, ఇంటి బాధ్యతలకూ కామన్ యాప్ ఫారంలో వేర్వేరుగా చోటుంది. మన పిల్లలు సిగ్గుపడి వాటిని రాయరు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. అమెరికా కాలేజీలు సాధారణంగా 9 నుంచి 12 దాకా నాలుగేళ్ల మార్కులు అడుగుతాయి. టెన్త్, ఇంటర్ మెమోలు బోర్డు ఇస్తుంది. తొమ్మిదో తరగతికి మాత్రం స్కూలువాళ్లిచ్చిన ప్రోగ్రెస్ కార్డే దిక్కు. స్కూలు మూతపడ్డాక పాత హెడ్‌మాస్టర్ ఇల్లు వెతుక్కుంటూ తిరిగినవాళ్లు ఉన్నారు. టీసీ తీసుకునే రోజే ఆ మార్కులకు సీలు, సంతకం వేయించి రెండు కాపీలు తెచ్చుకోండి. స్కాన్ చేసి మీ మెయిల్‌లో కూడా ఒకటి పెట్టుకోండి.