థాయిలాండ్ కాండో: ఆ 49 శాతం మీ ఫ్లాట్‌ది కాదు, బిల్డింగ్‌ది

మొన్న రాత్రి గుంటూరు నుంచి ఫోన్. "బాబూ, పట్టాయాలో ఫ్లాట్ చూశాం. మనకు 49 శాతమే ఇస్తారంట కదా, మిగతా 51 ఎవరి పేరున పెట్టాలి?"

బ్యాంకాక్‌లో మనవాళ్ల కొనుగోలు కాగితాలు చూసిపెట్టడం నా పని. ఈ ప్రశ్న వినని నెల లేదు.

ఎవరి పేరునా పెట్టక్కర్లేదండీ. ఫ్లాట్ మొత్తం మీ పేరునే రిజిస్టరవుతుంది. 49 అన్నది బిల్డింగ్ లెక్క. 1979 నాటి కాండోమినియం చట్టం (కాండో అంటే మన అపార్ట్‌మెంట్ ఫ్లాటే) ప్రకారం, బిల్డింగ్‌లో ఫ్లాట్లన్నిటి విస్తీర్ణం కలిపితే ఎంత వస్తుందో, అందులో 49 శాతం దాకానే విదేశీయుల పేరున ఉండొచ్చు. చూసేది విస్తీర్ణం, ఎన్ని ఫ్లాట్లన్నది కాదు. పై అంతస్తుల్లో పెద్ద ఫ్లాట్లు నాలుగు చాలు, కోటా మింగేయడానికి. "వంద ఫ్లాట్లలో ఫారినర్లవి ముప్పయ్యే సార్, బోలెడు ఖాళీ" అనే ఏజెంటుకు లెక్క రాదు, లేదా మీకు రాదనుకుంటున్నాడు.

ఈ 51 భయం మీదే కొందరు బతుకుతున్నారు. "కంపెనీ పెడదాం, 51 శాతం షేర్లు మా థాయ్‌వాళ్ల పేరున ఉంటాయి, అంతా పేరుకే" అంటారు. అలా పేరుకు మాత్రం నిలబడినవాళ్లకూ, నిలబెట్టుకున్నవాళ్లకూ 1999 నాటి విదేశీ వ్యాపార చట్టంలో మూడేళ్ల దాకా జైలు, పది లక్షల భాట్ల దాకా జరిమానా ఉన్నాయి. అక్కర్లేని భయానికి అసలైన ప్రమాదం కొనుక్కోవడం ఇది.

నేనూ తక్కువ తినలేదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో విజయవాడ నుంచి ఒకాయన వచ్చారు. పట్టాయా పక్కనున్న జోమ్‌తియెన్‌లో ఒకే అంతస్తులో రెండు ఫ్లాట్లు, రెండింటికీ సముద్రం కనిపిస్తుంది. థాయ్ ఓనరుది చవక, విదేశీయుడిది ఖరీదు. కోటా ఉందని ఏజెంటు ఫోన్లో చెప్తే నేనూ నమ్మి, చవకదానికి లక్ష భాట్లు అడ్వాన్సు ఇప్పించా. ఆ తర్వాత వెళ్లాం కింద ఆఫీసుకి. నితిబుక్ఖోన్ అంటారు, మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లాంటిది (నీతి, పుద్గల అనే మన పాత మాటలే అలా మారాయి). అక్కడి ఆవిడ కాగితం మీద వేలు జరుపుతూ కూడి, కాలిక్యులేటర్ మావైపు తిప్పింది. కోటాలో మిగిలింది 38 చదరపు మీటర్లు. మా ఫ్లాట్ 60. రసీదులో అడ్వాన్సు వాపసు లేదని రాసుంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది.

ఖరీదు ఫ్లాట్ మాత్రం కొనొచ్చు. దాని విస్తీర్ణం ముందే విదేశీ కోటాలో ఉంది కాబట్టి ఓనరు మారినా లెక్క మారదు. ధరలో తేడా అందుకే.

కాబట్టి పైసా ఇచ్చే ముందు ఆ ఆఫీసు నుంచి కోటా లెటర్ తెప్పించుకోండి. కోటా లేకపోతే అడ్వాన్సు తిరిగివ్వాలని అగ్రిమెంటులో రాయించండి. రిజిస్ట్రేషన్ రోజు ల్యాండ్ ఆఫీసులో మళ్లీ తాజా లెటర్ అడుగుతారు.

డబ్బు సంగతి. "యాప్‌లో భాట్లుగా పంపేస్తే చవక" అని ఎవరో చెప్తారు. వద్దు. డబ్బు విదేశీ కరెన్సీగా వచ్చి థాయ్ బ్యాంకులోనే భాట్లుగా మారాలి. మన బ్యాంకు నుంచి డాలర్లలో, కొనేవారి పేరుతో, కాండో కొనుగోలుకని రాయించి పంపండి. 50,000 డాలర్లు, ఆపైన అయితే డబ్బు విదేశం నుంచి వచ్చిందని అక్కడి బ్యాంకు ఒక ఫారం ఇస్తుంది, తక్కువైతే లెటర్. ఆ కాగితం లేకపోతే మీ పేరున రిజిస్ట్రేషన్ జరగదు. మన రిజర్వు బ్యాంకు పరిమితి మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్లు, అదీ చూసుకోండి.

మిగతావి గబగబా. కాండో కొంటే వీసా వస్తుందా? కొన్నంతమాత్రాన రాదు. కొనడానికి ప్రత్యేక వీసా కావాలా? అక్కర్లేదు, టూరిస్టుగా వచ్చినా కొనొచ్చు. కొనకుండా లీజుకు తీసుకుంటే 90 ఏళ్లు ఇస్తారా? చట్టంలో ఉన్నది 30, "ప్లస్ 30 ప్లస్ 30" అమ్మేవాడి నోటిమాట. కోటా 75 శాతం అయిందా? 2024లో ప్రభుత్వం పరిశీలిస్తామంది, గొడవైంది, చట్టం మారలేదు. 1999 నుంచి ఐదేళ్లు కొన్నిచోట్ల నూరు శాతం ఇచ్చిన మాట నిజం, అది 2004లోనే అయిపోయింది.

గుంటూరు ఆయన ఇవాళ లెటర్ ఫొటో వాట్సాప్‌లో పంపారు. కోటా ఖాళీ ఉన్నట్టే రాసుంది. కింద 2567 అని కనిపిస్తే నెంబరనుకున్నారట. అది బుద్ధ శకం, 543 తీసేస్తే మన 2024. కొత్తది తెమ్మన్నా.