డ్యూలాకి మెటర్నిటీ లీవ్ రాదని ఎవరు చెప్పారు?

పోయిన వారం కూడా ఒకమ్మాయి ఫోన్. హైదరాబాద్‌లో ఒక బర్త్ సెంటర్‌లో డ్యూలా (కాన్పులో తల్లి పక్కనే ఉండి సాయపడే మనిషి), ఐదో నెల. "అక్కా, నేను కన్సల్టెంట్‌నంట కదా, లీవ్ ఏం రాదంట, రిజైన్ చేసేయమంటున్నారు" అని ఒకటే ఏడుపు. ఊళ్లోవాళ్ల కాన్పులన్నిటికీ పక్కనుండి నడుము నొక్కుతాం, మన కాన్పు దగ్గరికొచ్చేసరికి చేతిలో రాజీనామా కాగితం!

అపోహ: కన్సల్టెంట్ అని రాస్తే ఉద్యోగి కాదు.

మనవాళ్లని నిలువునా ముంచుతున్నది ఇదే. కాగితం మీద పేరు ఒక్కటే చూడరండీ, ఎవరి రోస్టర్ ప్రకారం వస్తున్నారు, థంబ్ ఎక్కడ వేస్తున్నారు, లీవ్ ఎవర్ని అడగాలి, ఇవన్నీ చూస్తారు. ప్రొఫెషనల్ ఫీజు అని 10 శాతం టీడీఎస్ కోసినంత మాత్రాన తేలిపోదు. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట, డ్యూ డేట్‌కి ముందు 12 నెలల్లో 80 రోజులు చేసుంటే 26 వారాలు జీతంతో సెలవు, ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12. 2025 నవంబర్‌లో కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) వచ్చాయి, అంతా పోయిందని వాట్సాప్‌లో తిప్పుతున్నారు, ఈ లెక్క ఏం మారలేదు. ఈఎస్ఐ ఉంటే డబ్బులు ఈఎస్ఐ ఇస్తుంది. ఆ లీవ్‌లో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధం. కానీ మీరే రిజైన్ లెటర్ రాసిచ్చారనుకోండి, "తనే వెళ్లిపోయింది" అనేస్తారు, ఇక కథ మళ్లీ మొదటికి.

నా ఎనిమిదో నెలలో ఒకావిడకి పద్నాలుగు గంటలు నిలబడే ఉన్నా, కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. డ్యూ డేట్‌కి పది వారాల ముందు నుంచి ఆరు వారాల ముందు దాకా, ఎక్కువసేపు నిలబడే పని వద్దని అడిగే హక్కుందని అప్పుడు నాకే తెలీదు.

మిగతావి గబగబా. పర్మనెంట్ స్టాఫ్‌కే పోష్ (పనిచోట లైంగిక వేధింపుల నుంచి కాపాడే చట్టం) అంటారు, తప్పు, కాంట్రాక్టువాళ్లకీ ట్రెయినీలకీ కూడా ఉంది, పేషెంట్ వెంట వచ్చినవాడు వెకిలివేషాలేసినా కంప్లైంట్ ఇవ్వొచ్చు, మూడు నెలల్లోపు. పేషెంట్‌కి వాడిన సూది గుచ్చుకుంటే తెల్లారాక చూద్దాం అనొద్దు, హెచ్ఐవీ రాకుండా మందులు 72 గంటల్లోపే మొదలెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. సొంతంగా క్లయింట్ల దగ్గర ఫీజు తీసుకునేవాళ్లకి మాత్రం ఈ సెలవు ఇచ్చే యజమానే లేరు, అబద్ధం చెప్పలేను.

ఆ అమ్మాయికి ఒక్కటే చెప్పా, సంతకం పెట్టకు, గ్రూప్‌లోంచి తీసేయకముందే రోస్టర్‌లు స్క్రీన్‌షాట్ తీసుకో అని. రాత్రి పదకొండింటికి పంపింది. ఇద్దరం ఫోన్లో కూర్చుని లెక్కేస్తే 80 ఎప్పుడో దాటేసింది.